కాలుష్యం చేసిన కంపెనీకి జరిమానా సరిపోతుందా, నడిపేవాళ్ళకు జైలు ఉండాలా?

మూసీగట్టు (వలిగొండ)

ప్రశ్న సూటిగా పెడుతున్నాను. ఒక కంపెనీ తెలిసి తెలిసి విషపు నీళ్ళు వాగులో వదిలింది. పెనాల్టీ కట్టించుకుని వదిలేయాలా, దాన్ని నడిపేవాళ్ళను జైలుకు పంపాలా?

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఐదేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉండేవి. 2023లో పార్లమెంటు జన్ విశ్వాస్ చట్టం తెచ్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ జైలు శిక్ష పోయి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా పెనాల్టీ వచ్చింది. అది వేసేది కోర్టు కూడా కాదు, ప్రభుత్వం నియమించిన అధికారి.

ఇదే కాలంలో మన దగ్గర ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2024 నవంబర్‌లో కొడంగల్ దగ్గర లగచర్లలో ఫార్మా కోసం భూములు ఇవ్వం అన్న రైతులు నెలకు పైగా జైల్లో ఉన్నారు. అందులో చాలామంది లంబాడాలు. గుండె నొప్పి వచ్చిన ఒక రైతును బేడీలతోనే ఆస్పత్రికి తెచ్చారు. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దన్న రైతులను అలంపూర్ కోర్టుకు బేడీలు వేసి తీసుకొచ్చారు. ఫ్యాక్టరీ వద్దన్నవాడికి బేడీ, నీళ్ళు పాడుచేసినవాడికి రసీదు. ఈ తేడాను నేను ఒప్పుకోలేకపోతున్నాను.

మాది మూసీ ఆయకట్టు. సంగెం భీమలింగం కత్వ (చిన్న ఆనకట్ట) దగ్గర నురగ చూసినవాళ్ళకు నేను చెప్పేది ఏమీ లేదు. పిల్లాయిపల్లి కాలువ, బునాదిగాని కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ, ఆసిఫ్‌నహర్, వీటన్నిటిలో పారేది ఆ నీళ్ళే. ఆ నీళ్ళతోనే వరి పండిస్తాం, ఆ గట్టు గడ్డే బర్రెలకు వేస్తాం. నాట్లు వేసే ఆడవాళ్ళ కాళ్ళకు దురద, పుండ్లు. భూమి ఉన్న రైతు ట్రాక్టర్ మీద కూర్చుంటాడు, లేదంటే కౌలుకిచ్చి హైదరాబాద్ పోతాడు. బురదలో దిగేది కూలికొచ్చినవాళ్ళే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్ళు మన నల్గొండ జిల్లా అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి కోదండాపూర్ మీదుగా పోతాయి. మంచి నీళ్ళు ఇక్కడి నుంచి పైకి పోతున్నాయి, వాడేసిన నీళ్ళు మూసీలో కిందికి వస్తున్నాయి. అందులో పెద్ద వాటా నగరం మురుగే, ఆ మాట నేనే ముందు చెబుతున్నాను. కానీ ఇంటి మురుగును శుద్ధి చేయవచ్చు. కెమికల్ కలిసిన మురుగును మామూలు మురుగు ప్లాంటు బాగుచేయలేదు. దాన్ని అందులో కలిపినవాళ్ళు వేరే ఉన్నారు.

నా వాదన ఒక్కటే. శిక్ష డబ్బు రూపంలో ఉన్నంతకాలం డబ్బున్నవాడు దాన్ని ముందే లెక్కేసుకుంటాడు. ఆ లెక్కలో మా నీళ్ళకు, మా ఒంటికి వేసే ధర చాలా తక్కువ.

జడ్చర్ల జంక్షన్

అన్నా, మీ బాధను కాదనను. కానీ మీరు అడిగే మందు రోగాన్ని పెంచుతుంది.

నాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. పైపులు, ట్యాంకులు, రెయిలింగులు చేస్తాం. మా పనిలో సగం కంపెనీలదే. పాలమూరు అంటే ముప్పై ఏళ్ళ కింద ఏమిటో ఇక్కడ చాలామందికి తెలుసు. మా మేనమామలు బొంబాయి, పుణె, భివండీ పోయి మట్టి మోసినవాళ్ళే. దసరాకు ఊరికొస్తే మళ్ళీ బస్సెక్కేదాకా ఇంట్లో ఏడుపే. ఈరోజు మా వీధిలో పిల్లలు డిప్లొమా చదివి పొద్దున కంపెనీ బస్సెక్కి రాత్రి ఇంటికొస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు.

జైలు శిక్ష కాగితం మీద దాదాపు 40 ఏళ్ళు ఉంది కదా, ఎంతమంది పోయారు? భోపాల్‌లో వేలమంది చనిపోయారు. 1984లో ప్రమాదం జరిగితే 2010లో తీర్పొచ్చింది. ఏడుగురికి రెండేళ్ళ శిక్ష వేసి, అదే రోజు బెయిల్ ఇచ్చారు. జైలు ఉన్న చట్టం ఇచ్చిన న్యాయం అదీ. క్రిమినల్ కేసు అంటే పక్కా రుజువు కావాలి, పదేళ్ళు నడుస్తుంది, చివరికి కొట్టేస్తారు. పెనాల్టీ అయితే ఒక అధికారి విచారించి నెలల్లో తేల్చవచ్చు. రైతుకు కావాల్సింది ఎవరో జైలుకు పోవడమా, తన బోరు బాగుపడటమా?

జైలు భయం పెట్టారంటే అధికారి చేతికి ఇంకో కర్ర ఇచ్చినట్లే. పెద్ద కంపెనీకి లాయర్లు ఉంటారు. మాలాంటి చిన్న యూనిట్ వాడు కవర్ ఇచ్చి బయటపడతాడు.

లగచర్ల గురించి ఒక మాట. అక్కడికి వెళ్ళిన కలెక్టర్ మీద, అధికారుల మీద దాడి జరిగింది. కేసు పెట్టింది దానికి. బేడీలు వేయడం తప్పే, కానీ జరిగినదంతా చెప్పాలి కదా.

పాలమూరు ఆడబిడ్డ

జడ్చర్ల అన్నా, నెలల్లో తేలుతుందన్నారు. తేల్చే ముందు ఊరివాళ్ళను అడిగేది ఎక్కడ?

కంపెనీ వచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలని పర్యావరణ అనుమతుల 2006 నోటిఫికేషన్ చెప్పింది. ముప్పై రోజుల ముందు నోటీసు ఇచ్చి, టెంటు వేసి, కలెక్టరో అదనపు కలెక్టరో కూర్చుని, ఎవరేం అన్నారో రాసుకోవాలి. అది కూడా సరిగ్గా జరగదు, మాట్లాడేవాళ్ళను ముందు రోజే స్టేషన్‌కు పిలుస్తారు. అయినా ఆ ఒక్క రోజు మాకు మైకు దొరికేది. 2020 మార్చిలో కోవిడ్ పేరుతో బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్రాజెక్టులను కొంతకాలం బీ2 కేటగిరీలోకి మార్చారు. బీ2 అంటే ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. 2021 జూన్‌లో పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ కోసం ధాన్యంతో నడిచే డిస్టిలరీలకు కూడా అదే వెసులుబాటు ఇచ్చారు. మన జిల్లాల్లో ఇథనాల్ గొడవలన్నీ దాని తర్వాతే. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023 అక్టోబర్‌లో రైతులకు, పోలీసులకు ఘర్షణ అయింది, కేసులయ్యాయి. టెంటు కింద చెప్పుకోవాల్సిన మాట రోడ్డు మీదికి వచ్చింది.

లగచర్లలో దాడి సంగతి మీరు చెప్పారు, సరే. దానికి ముందు ఆ తండాల వాళ్ళు నెలల తరబడి ఇవ్వం, ఇవ్వం అని చెప్పారు, అది కూడా జరిగినదే. తర్వాత ప్రభుత్వమే ఆ ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంది.

పోలేపల్లి మీకు పక్కనే ఉంది. సెజ్‌కు తీసుకున్న భూమిలో చాలా భాగం దళితుల, బీసీల, లంబాడాల అసైన్డ్ భూములు. పట్టా భూమికైతే ధర అడగవచ్చు. అసైన్డ్ భూమి అనగానే "ప్రభుత్వం ఇచ్చింది, ప్రభుత్వం తీసుకుంటుంది" అంటారు. అందుకే కంపెనీ ఎప్పుడూ అక్కడే దిగుతుంది. 2008 జడ్చర్ల ఉప ఎన్నికలో ఆ భూములు పోయినవాళ్ళు స్వతంత్రులుగా నామినేషన్లు వేశారు. వాళ్ళ మాట వినడానికి వేరే దారి లేకపోయింది.

బస్సెక్కే డిప్లొమా పిల్లల్లో భూమి పోయిన ఇళ్ళ పిల్లలు ఎంతమంది? మా ఊళ్ళో భూమి పోయిన ఆడవాళ్ళు అదే కంపెనీలో ఊడుస్తున్నారు. ఏ ఎకరం అమ్మారో ఆ ఎకరంలోనే చీపురు పట్టారు.

పాత ల్యాబ్

నేను ఏళ్ళ తరబడి ఫార్మా యూనిట్ల ఈటీపీ (వాడిన నీళ్ళను శుద్ధి చేసే ప్లాంటు) ల్యాబుల్లో పనిచేశాను, ఇప్పుడు మానేశాను. అందరూ "రాత్రి వదులుతారు" అంటారు, ఎందుకు వదులుతారో మాత్రం ఎవరూ చెప్పరు. అది చెబుతాను. జైలా, జరిమానా అనే ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

బల్క్ డ్రగ్ యూనిట్‌లో రెండు రకాల నీళ్ళు వస్తాయి. ఒకటి ఉప్పు తక్కువది, అంటే టీడీఎస్ తక్కువ. కడిగిన నీళ్ళు, కూలింగ్ టవర్ నీళ్ళు, క్యాంటీన్ నీళ్ళు. అవి బ్యాక్టీరియా ట్యాంకుకు, ఆర్ఓకు పోతాయి, పెద్ద ఖర్చు కాదు. రెండోది రియాక్టర్ల నుంచి వచ్చే చిక్కటి నీళ్ళు. అందులో ఉప్పు, సాల్వెంట్లు (కరిగించడానికి వాడే రసాయనాలు). దాన్ని ముందు స్ట్రిప్పర్‌లో వేసి సాల్వెంట్ తీయాలి, తర్వాత ఎంఈఈలో ఆవిరి పెట్టి మరిగించాలి, తర్వాత ఏటీఎఫ్‌డీలో ఎండబెట్టి ఉప్పు చేయాలి. ఆ ఉప్పును దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే చోటికి లారీలో పంపాలి. ఖర్చంతా ఆవిరిదే. ఆవిరి అంటే బాయిలర్, బాయిలర్ అంటే బొగ్గు. ఆర్డర్ ఎక్కువై ప్రొడక్షన్ పెంచితే చిక్కటి నీళ్ళు పెరుగుతాయి, ఎంఈఈ మాత్రం పాత సైజులోనే ఉంటుంది. ట్యాంకులు నిండుతాయి. అప్పుడు ప్రొడక్షన్ ఆపాలి, లేదా నీళ్ళు ఎక్కడికో పంపాలి. ప్రొడక్షన్ ఆపమని పైనుంచి ఫోన్ రావడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

గట్టి వాన పడే రాత్రి కోసం చూస్తారు, ఎందుకంటే వాగు నిండుగా పారితే రంగు, వాసన పలచబడతాయి. లేదంటే ట్యాంకర్. లేదంటే ఎండిపోయిన బోరులోకి. ఈ చివరిది అన్నిటికన్నా ఘోరం. వాగు నీళ్ళు వచ్చే వానకైనా కొట్టుకుపోతాయి, మన రాతి నేలలో పగుళ్ళలోకి దిగిన సాల్వెంట్ ఎవరి బోరులో తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆన్‌లైన్ మీటర్లు, కెమెరాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. అవి పెట్టింది అధికారికంగా నీళ్ళు బయటికి పోయే చోట. దొంగతనంగా పోయే నీళ్ళు ఆ పైపులో పోవు. మీటర్ అందంగా సున్నా చూపిస్తుంది.

ఇక జరిమానా లెక్క. కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డుది ఒక ఫార్ములా ఉంది. కాలుష్య సూచిక రెడ్ కేటగిరీకి, అంటే ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమలకు, 80. దాన్ని రోజుల సంఖ్యతో, ఒక రూపాయల గుణకంతో గుణించాలి. ఆ గుణకం 100 నుంచి 500 దాకా ఉండొచ్చు, మామూలుగా 250 తీసుకుంటారు. తర్వాత యూనిట్ సైజు, పెద్దదైతే 1.5. చివరికి ప్రదేశం. పది లక్షల లోపు జనాభా ఉన్న చోట 1, యాభై లక్షలు దాటిన నగరమైతే 1.5, కోటి దాటితే 2. ఇప్పుడు వేయండి. పల్లెలో పెద్ద ఫార్మా యూనిట్‌కు 80 × 250 × 1.5 × 1, రోజుకు 30 వేల రూపాయలు. అదే యూనిట్ హైదరాబాద్‌లో ఉంటే 45 వేలు. అదే విషం, అదే ట్యాంకర్. చౌటుప్పల్ పొలంలో పోస్తే మూడో వంతు తగ్గింపు.

కోట్లలో బిల్లింగ్ ఉన్న ప్లాంటుకు రోజుకు 30 వేలు అంటే ఎంఈఈ నడిపే ఖర్చు ముందు లెక్కలోకి రాదు. మూసీగట్టు గారు "ముందే లెక్కేసుకుంటాడు" అన్నది ఊహ కాదు. ఆ లెక్క వేసిన మీటింగుల్లో నేను నోట్స్ రాసుకున్నాను.

జడ్చర్ల జంక్షన్

జనం ఎక్కువ ఉన్న చోట నష్టం ఎక్కువ, అందుకే గుణకం ఎక్కువ. అందులో అన్యాయం ఏముంది సార్? జరిమానా తక్కువైతే పెంచమందాం. 30 వేలు కాదు, 3 లక్షలు చేయమందాం. జైలే ఎందుకు?

మూసీగట్టు (వలిగొండ)

నగరంలో బోరు పాడైతే నల్లా ఉంది, ట్యాంకర్ ఉంది, ఇరవై లీటర్ల క్యాను ఉంది. పల్లెలో మనిషి, బర్రె, పొలం, మూడూ ఒకే బోరు మీద. తలలు లెక్కపెట్టి నష్టం కొలిచేవాడికి అది కనిపించదు తమ్మీ.

నల్లకోటు (నల్గొండ)

వకీలుగా కొన్ని విషయాలు చెప్పాలి. ఇద్దరూ చట్టంలో సగం సగమే చెబుతున్నారు.

జైలు పూర్తిగా పోలేదు. కొత్త సవరణ ప్రకారం పెనాల్టీ వేశాక 90 రోజుల్లో కట్టకపోతే మూడేళ్ళ దాకా జైలు, లేదా రెట్టింపు జరిమానా. దీన్ని జాగ్రత్తగా చదవండి. ఈ చట్టం కింద విషం వదిలినందుకు జైలు లేదు, డబ్బు కట్టనందుకు ఉంది. కట్టగలిగినవాడికి ఈ సెక్షన్‌తో పనే పడదు.

జరిమానా పెంచుదాం అనే దారి కూడా అంత సాఫీగా లేదు. గ్రీన్ ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు వినే ప్రత్యేక కోర్టు) ఒక ఎగుమతి కంపెనీకి టర్నోవర్ చూసి 50 కోట్లు వేసింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. టర్నోవర్‌కు, జరిగిన నష్టానికి సంబంధం లేదన్నది. చట్టపరంగా దానికి తర్కం ఉంది. కానీ ఫలితం ఏమిటి? కంపెనీ ఎంత పెద్దదైనా జరిమానా చిన్నదిగానే ఉంటుంది.

వసూలు మాట. రాజస్థాన్‌లో బిచ్చ్‌డీ అనే ఊరి బావులన్నీ కెమికల్ కంపెనీల వల్ల ఎర్రబడ్డాయి. 1996లో సుప్రీంకోర్టు కంపెనీలే బాగుచేయించాలని చెప్పింది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలనే సూత్రం మన దేశంలో గట్టిపడింది ఆ తీర్పుతోనే. డబ్బు కట్టకుండా పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ పోయారు. 2011లో మళ్ళీ సుప్రీంకోర్టే చక్రవడ్డీతో కట్టమనాల్సి వచ్చింది. పదిహేనేళ్ళు! జరిమానా వేగంగా పనిచేస్తుందన్న జడ్చర్ల తమ్ముడు ఇది గమనించాలి. మన పటాన్‌చెరు కేసు 1990లో సుప్రీంకోర్టులో మొదలై, హైకోర్టుకు వచ్చి, అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయింది. పిటిషన్ వేసిన రోజు పుట్టిన పిల్లలకు అది తేలేలోపు పిల్లలు పుట్టారు.

నా అనుభవంలో కేసు ఓడిపోయేది శిక్ష దగ్గర కాదు, సీసా దగ్గర. రైతు వాగు నీళ్ళు ప్లాస్టిక్ సీసాలో పట్టుకుని నా దగ్గరికి వస్తాడు. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం శాంపిల్ బోర్డు అధికారి తీయాలి, కంపెనీకి నోటీసు ఇవ్వాలి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. లేకపోతే ఆ రిపోర్టు సాక్ష్యంగా పనికిరాదు. అంటే విషం రాత్రి రెండు గంటలకు పోతుంది, శాంపిల్ మర్నాడు మధ్యాహ్నం కంపెనీకి చెప్పి తీస్తారు. ఇది కంపెనీకి రక్షణగా పెట్టిన నియమం. రైతుకు అలాంటి రక్షణ ఏదీ పెట్టలేదు. చదువుకున్నవాడు, ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడు అయితే ఫోన్ చేసి అధికారిని రప్పించుకుంటాడు. తండా నుంచి వచ్చినవాడికి ఆ అధికారి నంబర్ కూడా దొరకదు.

ఒక దారి ఉంది. 2025 ఆగస్టులోనే సుప్రీంకోర్టు ఢిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీ కేసులో, బోర్డులు నష్టపరిహారం నేరుగా విధించవచ్చు, ముందుగానే బ్యాంకు గ్యారంటీ తీసుకోవచ్చు అని చెప్పింది. నష్టం జరగకముందే డబ్బు బోర్డు చేతిలో ఉంటే పదిహేనేళ్ళ వసూలు బాధ ఉండదు.

షిఫ్ట్ బి

నేను ఇప్పటికీ లోపలే పనిచేస్తున్నాను, కాంట్రాక్టు మీద. ఏ కంపెనీ, ఏ ఊరు అని అడగొద్దు.

మీరందరూ జైలు అంటున్నారు. ఎవరికి జైలు? వాల్వ్ తిప్పేది నేను. రిజిస్టర్‌లో సంతకం నాది. ట్యాంకర్ తోలేది ఇంకో కాంట్రాక్టర్ దగ్గర జీతానికున్న డ్రైవర్. పైవాడు ఎప్పుడూ కాగితం మీద చెప్పడు, ఫోన్‌లో "చూసుకో" అంటాడు. రేపు పోలీసులు వస్తే ముందు ఎక్కేది నేనే. మీ చట్టం గట్టిపడేకొద్దీ నాకు భయం పెరుగుతుంది, ఆయనకు కాదు.

2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగితే యాభై మందికి పైగా పోయారు. చాలామంది బీహార్, ఒడిశా, యూపీ వైపు నుంచి వచ్చిన కూలీలు. కొందరి శరీరాలు కూడా దొరకలేదు. బయట ఊళ్ళో నీళ్ళు తాగేవాడు, లోపల గ్యాస్ పీల్చేవాడు ఒకే రకం మనుషులు. ఊరివాళ్ళు గేటు ముందు ధర్నా చేసినప్పుడు మమ్మల్ని కంపెనీ మనుషులని తిడతారు. నాకు పర్మనెంటు లేదు, అడ్రస్ ప్రూఫ్ కూడా సరిగ్గా లేని ఒడిశా పిల్లలు నా పక్కన సాల్వెంట్ డ్రమ్ములు దొర్లిస్తారు. మాస్కు అడిగితే రేపు రావద్దంటారు.

నేను చూసింది బయట చెప్పాలని ఉంది. చెబితే నన్ను కాపాడేది ఎవరు? ముందు దానికి జవాబు చెప్పండి. జైలు సంగతి తర్వాత.

మూసీగట్టు (వలిగొండ)

తమ్మీ, నువ్వు రాసినదే నా వాదనకు అసలు బలం. జైలు అంటే వాల్వ్ తిప్పినవాడికి కాదు. 1986లో వచ్చినప్పుడు పర్యావరణ చట్టం 16వ సెక్షన్ కంపెనీ వ్యవహారాలు చూసే బాధ్యుడిని దోషిగా చూడాలనే రాసింది. తనకు తెలియకుండా జరిగిందని, జాగ్రత్తలన్నీ తీసుకున్నానని ఆయనే నిరూపించుకోవాల్సి ఉండేది. చట్టం ఎవరిని పట్టుకోవాలో 1986లోనే తెలుసు, పట్టుకునే చెయ్యే లేదు. విశాఖలో 2020 మే 7న స్టైరీన్ లీకై 12 మంది చనిపోయినప్పుడు కంపెనీ సీఈఓను, డైరెక్టర్లను అరెస్టు చేశారు. అంటే చేయవచ్చు. అది పెద్ద నగరం, టీవీలన్నీ అక్కడే ఉన్నాయి. మన వాగు దగ్గరికి టీవీ రాదు, ఒక్కరోజులో పన్నెండు మంది చనిపోరు. ఇరవై ఏళ్ళలో మెల్లగా పోతారు, ఎవరి చావు మీదా కంపెనీ పేరు ఉండదు.

యజమాని ఒక్క రాత్రి స్టేషన్‌లో కూర్చుంటే ఎంఈఈ సైజు నెలలో పెరుగుతుంది. ఇది నా నమ్మకం, గట్టి నమ్మకం.

మర్రిగూడ పెద్దమనిషి

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మాది ఫ్లోరైడ్ ప్రాంతం. మా ఎముకలు వంచింది కంపెనీ కాదు, కింద ఉన్న రాయి. జడ్చర్ల బాబు ఇంకా ఆ మాట తేలేదు కానీ, ఎవరో ఒకరు తెస్తారు, "నల్గొండ నీళ్ళు ముందునుంచే చెడ్డవి" అని. అందుకే నేనే చెబుతున్నాను.

రాయిలో ఫ్లోరైడ్ ఉండటం ప్రకృతి. అది తెలిసి కూడా దశాబ్దాల పాటు మాకు అవే నీళ్ళు తాపడం ప్రకృతి కాదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలో నాగ్‌పూర్ నీరి సంస్థ కనిపెట్టి మా జిల్లా పేరే పెట్టింది. ప్రపంచమంతా పుస్తకాల్లో నల్గొండ టెక్నిక్ అని చదువుతుంది. మా ఇళ్ళల్లో మాత్రం ఆ నీళ్ళు రాలేదు. 1996లో నల్గొండ పార్లమెంటు సీటుకు 480 మంది పోటీ చేశారు. చాలామంది మా ఊళ్ళవాళ్ళే. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా వేశారు. అప్పుడు కానీ ఢిల్లీకి మేము కనిపించలేదు. కృష్ణా నీళ్ళు ఇంటింటికీ రావడానికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది. అప్పటికి ఒక తరం నడుము వంగిపోయింది. డబ్బున్నవాళ్ళు పిల్లలను చిన్నప్పుడే హైదరాబాద్ పంపారు. ఆ ఇళ్ళల్లో వంకర కాళ్ళు లేవు.

రాయి మీద కేసు పెట్టలేం. కంపెనీ మీద పెట్టగలం. ఇప్పుడు బోర్లు బాగు కావడానికి మళ్ళీ అన్నేళ్ళు ఆగమంటే ఎలా నాయనా?

జడ్చర్ల జంక్షన్

పెద్దాయనా, ఆ మాట నేను అనను, అనబోను కూడా.

నా వైపు నుంచి తేల్చి చెబుతాను. బ్యాంకు గ్యారంటీ ముందే తీసుకోవాలి, దానికి ఒప్పుకుంటాను. ప్రజాభిప్రాయ సేకరణ మళ్ళీ అన్ని ప్రాజెక్టులకూ పెట్టాలి, దానికీ ఒప్పుకుంటాను. ఇంతకుముందే అది సక్రమంగా జరిగి ఉంటే సగం గొడవలు ఉండేవి కావు. షిఫ్ట్ బి లాంటివాళ్ళు సమాచారం ఇస్తే పేరు బయటికి రాకుండా, ఉద్యోగం పోకుండా చూడాలి. జైలుకు మాత్రం ఒప్పుకోను. అధికారి చేతిలో జైలు పెడితే ఏమవుతుందో నేను నా షాపు దగ్గర చూశాను. పాత ల్యాబ్ గారు చెప్పిన పెద్ద ప్లాంటు వాడు ఒక్కరోజు కూడా లోపలికి పోడు, పక్కన పది మందితో నడిచే యూనిట్ మూతపడుతుంది. ఆ పదిమంది మళ్ళీ పుణె బస్సెక్కుతారు.

పాత ల్యాబ్

చిన్న యూనిట్ల సంగతి నిజమే. కానీ చిన్న యూనిట్ల నుంచి వచ్చే చిక్కటి నీళ్ళు చాలావరకు వాళ్ళ సొంత పనివి కావు. చాలాచోట్ల పెద్దవాళ్ళే మురికి స్టెప్పులను చిన్న యూనిట్లకు జాబ్ వర్క్ ఇచ్చి, శుభ్రమైన చివరి స్టెప్పు తమ దగ్గర చేసుకుంటారు. బాధ్యత కూడా అలాగే కిందికి జారుతుంది. చట్టం రాసేటప్పుడు ఆర్డర్ ఇచ్చినవాడిని కూడా బాధ్యుడిని చేస్తే మీ భయం సగం తీరుతుంది.

నల్లకోటు (నల్గొండ)

మాటలు చాలా అయ్యాయి, కాగితం రాద్దాం. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో, కాలుష్య నియంత్రణ మండలి నల్గొండ ప్రాంతీయ కార్యాలయంలో ఒకే దరఖాస్తు ఇద్దాం. నేను డ్రాఫ్ట్ చేస్తాను. ఫిర్యాదు వచ్చిన రాత్రే శాంపిల్ తీసే బృందం జిల్లాకొకటి ఉండాలి. రెడ్ కేటగిరీ యూనిట్లన్నిటి నుంచీ బ్యాంకు గ్యారంటీ తీసుకోవాలి. ఫిర్యాదు చేసిన కార్మికుడి పేరు గోప్యంగా ఉంచాలి. జైలు గురించిన డిమాండ్ కేంద్ర చట్టానికి సంబంధించింది, దాన్ని విడిగా ఎంపీలకు ఇద్దాం.

ఇంకో ఉపయోగపడే సంగతి. గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది కానీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో వేయవచ్చు. నష్టపరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు. అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం, కానీ దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజే లేదు. వివాదానికి కారణం మొదట తలెత్తిన ఆరు నెలల్లోపు వేయాలి, నష్టపరిహారానికైతే ఐదేళ్ళు. చాలామంది రైతులు పంచాయితీ పెద్దల చుట్టూ తిరిగి ఈ ఆరు నెలలు పోగొట్టుకుంటున్నారు.

జడ్చర్ల జంక్షన్

మొదటి మూడింటికీ నా సంతకం పెట్టండి. ఎంపీలకు ఇచ్చే కాగితం మీద వద్దు.

పాలమూరు ఆడబిడ్డ

నల్లకోటు సార్, మొదటి దరఖాస్తులో అసైన్డ్ భూముల మాట ఎక్కడా లేదు. పట్టా భూమితో సమానంగా పరిహారం, గ్రామసభ తీర్మానం లేకుండా సేకరణ ఉండకూడదు అని నాలుగో అంశం కలపండి. అది లేకుండా మా తండాల నుంచి ఒక్క సంతకం కూడా రాదు, నేను అడగను కూడా. రెండో కాగితం మీద మాత్రం నా పేరు అందరికన్నా ముందు రాయండి.

షిఫ్ట్ బి

నా పేరు ఏ కాగితం మీదా వద్దు. శాంపిల్ బృందం ఏర్పడితే వాళ్ళ నంబర్ ఇక్కడ పెట్టండి.